ఆగస్టు 23: ప్రకాశం జయంతి, చంద్రయాన్ ఒకే రోజు ఎందుకు పడ్డాయి?

ప్రకాశం జిల్లా చీమకుర్తి వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతున్న ఉపాధ్యాయురాలు అడిగిన ప్రశ్న ఇది. వారి బడిలో ఉదయం ప్రార్థన వేళకు ‘చరిత్రలో ఈ రోజు’ అని బోర్డు మీద పిల్లల చేత రాయిస్తారు. ఆగస్టు 23 కోసం పిల్లలు ఫోనులో వెతికి తెచ్చిన జాబితాలో టంగుటూరి ప్రకాశం పంతులు గారి జననం, చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగడం, 1939 నాటి జర్మనీ, సోవియట్ యూనియన్ల ఒప్పందం, 1989 నాటి బాల్టిక్ దేశాల మానవహారం, బానిసల వ్యాపారాన్ని స్మరించుకునే అంతర్జాతీయ దినం, అన్నీ కలిసి వచ్చాయి. “ప్రకాశం గారి జయంతి అని తెలిసే ఇస్రో వాళ్ళు ఆ రోజు దించారా?” అని తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగిందట. దానికి ఏం చెప్పాలి, ఇన్నిటిలో బోర్డు మీద ఏవి రాయించాలి అని వారి ప్రశ్న. ఉద్యోగమంతా ఈ జిల్లా బడుల్లో చరిత్ర పాఠాలు చెప్పినవాడిని గనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మేడమ్ గారూ, ముందుగా ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు చెబుతాను. ఇస్రో ప్రకాశం గారి జయంతిని చూసి ఆ తేదీ పెట్టుకోలేదు. ఆ తేదీని నిర్ణయించింది సూర్యుడు. చంద్రుడి మీద ఒక పగలు మన లెక్కలో దాదాపు పద్నాలుగు రోజులు ఉంటుంది, ఆ తరువాత అంతే పొడవైన రాత్రి వస్తుంది. విక్రమ్ ల్యాండర్, ప్రజ్ఞాన్ రోవర్ సౌర ఫలకాల మీద నడిచే యంత్రాలు కాబట్టి, ఎండ ఉన్నన్నాళ్ళే వాటికి ఆయుష్షు. అందువల్ల దిగే చోట అప్పుడే పగలు మొదలై ఉండాలి, ముందున్న రెండు వారాల ఎండ అంతా పరిశోధనలకు మిగలాలి. 2023 జూలై 14న మధ్యాహ్నం 2.35కు శ్రీహరికోట నుంచి బయలుదేరిన వ్యోమనౌక ఆగస్టు 5న చంద్రుడి కక్ష్యలో చేరి, ఆ తరువాత కూడా రెండు వారాలకు పైగా అక్కడే చుట్లు తిరుగుతూ ఉండడానికి ముఖ్య కారణం ఈ తెల్లవారడం కోసం వేచి ఉండడమే. ఆగస్టు 23 సాయంత్రం 6.04కు అది నేల తాకింది. సెప్టెంబర్ తొలి రోజుల్లో అక్కడ పొద్దు వాలుతుండగా ముందు రోవర్‌ను, తరువాత ల్యాండర్‌ను నిద్రపుచ్చారు.

ఇక్కడ మన పిల్లలకు మరింత దగ్గరగా తెలిసే సంగతి ఒకటుంది. చంద్రుడి మీద ఒక చోట ఎప్పుడు తెల్లవారుతుందనేది మనకు కనిపించే చంద్రకళను బట్టి, అంటే తిథిని బట్టి ఉంటుంది. చంద్రయాన్-3 దిగిన చోటు చంద్రుడి దక్షిణార్ధంలో, మన వైపు కనిపించే ముఖంలోనే, మధ్యరేఖకు కొంత తూర్పుగా ఉంది. అక్కడికి వెలుగు ప్రతి నెలా శుక్లపక్షంలో పంచమి, షష్ఠి ప్రాంతాల్లోనే వస్తుంది. 2023 ఆగస్టు 23న మన పంచాంగంలో నిజ శ్రావణ శుద్ధ సప్తమి. ఆ సాయంత్రం పడమటి ఆకాశంలో దాదాపు సగం చంద్రుడు కనిపించాడు. ఆ అమ్మాయిని ఈసారి శుద్ధ సప్తమి నాటి సాయంత్రం ఆరుబయటకు వచ్చి చంద్రుణ్ణి చూడమనండి. ల్యాండర్ దిగిన రోజు చంద్రుడు ఏ రూపంలో ఉన్నాడో తన కళ్ళతోనే చూస్తుంది. దిగే వేళకు రెండు గంటల ముందు ఏదైనా తేడా కనిపిస్తే ఆగస్టు 27కు వాయిదా వేసుకునే వీలు కూడా శాస్త్రవేత్తలు ఉంచుకున్నారు. అదే జరిగి ఉంటే ఈ ప్రశ్నే పుట్టేది కాదు, జాతీయ అంతరిక్ష దినోత్సవం కూడా ప్రకాశం గారి జయంతి నాడు వచ్చేది కాదు.

ఒకే తేదీన పడిన రెండు సంఘటనలను చూసినప్పుడు పిల్లలకు నేర్పవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ సంఘటనను ఈ తేదీన ఎవరు పెట్టారు? ఈ ప్రశ్న వేయకుండా రాసిన జాబితా వట్టి జాబితాగానే మిగులుతుంది, పిల్లలు దాన్ని చదివి ప్రార్థన అయ్యేలోపే మరిచిపోతారు. ఈ ప్రశ్న వేస్తే మాత్రం ఆగస్టు 23 ఒక్క తేదీలోనే ఎన్ని రకాల జవాబులున్నాయో బయటపడుతుంది.

మనిషి కావాలని పెట్టిన తేదీకి ఆ జాబితాలో ఉన్న బాల్టిక్ మానవహారం చక్కని ఉదాహరణ. 1939లో హిట్లర్ జర్మనీ తరఫున రిబ్బెన్‌ట్రాప్, సోవియట్ యూనియన్ తరఫున మొలొటోవ్ మాస్కోలో స్టాలిన్ సమక్షంలో ఒకరిపై ఒకరు దాడి చేయబోమని ఒప్పందం చేసుకున్నారు. పైకి కనిపించిన షరతుల వెనుక ఒక రహస్య పత్రం ఉంది. అందులో తూర్పు ఐరోపాను ఇద్దరూ పంచుకున్నారు. వారం తిరిగేసరికి, సెప్టెంబర్ 1న, జర్మనీ పోలండ్ మీద పడింది. మరుసటి సంవత్సరం ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియాలను సోవియట్ యూనియన్ కలిపేసుకుంది. ఆ రహస్య పత్రం ఉందన్న సంగతినే మాస్కో దశాబ్దాల తరబడి ఒప్పుకోలేదు. ఒప్పందం జరిగి సరిగ్గా యాభై ఏళ్ళు నిండిన 1989 ఆగస్టు 23 సాయంత్రం ఏడు గంటలకు, ఆ మూడు చిన్న దేశాల ప్రజలు దాదాపు ఇరవై లక్షల మంది టాలిన్ నుంచి రీగా మీదుగా విల్నియస్ వరకు ఆరువందల కిలోమీటర్లకు పైగా చేయీ చేయీ పట్టుకుని పదిహేను నిమిషాలు నిలబడ్డారు. ఆ తేదీ కాకుండా మరొక రోజు నిలబడి ఉంటే అదొక పెద్ద ప్రదర్శన మాత్రమే అయ్యేది. ఆ తేదీన నిలబడడం వల్ల, నోటితో ఒక్క మాట అనకుండానే, మీరు దాచిన పత్రం మాకు తెలుసు అని లోకానికి చెప్పగలిగారు. అదే సంవత్సరం డిసెంబరులో సోవియట్ ప్రతినిధుల సభ ఆ రహస్య పత్రాన్ని ఒప్పుకుని ఖండించింది. 1990 మార్చి 11న లిథువేనియా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. కాబట్టి 1939, 1989 సంఘటనలను బోర్డు మీద పక్కపక్కన రాయించి, మధ్యలో గీత గీసి కలపండి. ఆ గీతకు అర్థం ఉంది. ప్రకాశం గారికీ చంద్రయాన్‌కూ మధ్య అలాంటి గీత గీయలేము.

బానిసల వ్యాపార సంస్మరణ దినం కూడా కావాలని పెట్టినదే. 1791 ఆగస్టు 22 రాత్రి తెల్లవారితే 23 అనగా, ఫ్రెంచివారి చెరకు తోటలున్న సెయింట్ డొమింగ్ ద్వీపంలో బానిసలు తిరగబడ్డారు. ఆ పోరాటమే 1804 జనవరి 1న హైతీ అనే స్వతంత్ర దేశంగా పరిణమించింది. యునెస్కో ఆ తిరుగుబాటు తేదీని చూసే స్మరణ దినాన్ని నిర్ణయించింది.

ఈ రకం తేదీలు మన చరిత్రలో కొల్లలుగా ఉన్నాయి, పదో తరగతి పిల్లలకు కూడా వీటి వెనుక కథ తెలియదు. లాహోరు కాంగ్రెసు తీర్మానం ప్రకారం 1930 జనవరి 26న దేశమంతటా పూర్ణ స్వరాజ్య ప్రతిజ్ఞ చేశారు. ఆ తేదీ మరుగున పడిపోకూడదనే 1949 నవంబర్ 26న ఆమోదించిన రాజ్యాంగాన్ని రెండు నెలలు ఆగి 1950 జనవరి 26న అమలులోకి తెచ్చారు. జార్ఖండ్ రాష్ట్రాన్ని 2000లో బిర్సా ముండా జయంతి అయిన నవంబర్ 15న ఏర్పాటు చేశారు. ఆగస్టు 15 కథ మరింత విచిత్రమైనది. 1945 ఆగస్టు 15న జపాన్ లొంగిపోతున్నట్టు ఆ దేశ చక్రవర్తి రేడియోలో ప్రకటించాడు. అప్పుడు ఆగ్నేయాసియాలో మిత్రరాజ్యాల సేనలకు అధిపతిగా ఉన్న మౌంట్‌బాటన్, రెండేళ్ళ తరువాత మన దేశానికి అధికారం అప్పగించే రోజును ఎంచుకోవలసి వచ్చినప్పుడు తన విజయానికి రెండో వార్షికోత్సవమైన అదే తేదీని పట్టుకున్నాడు. జపాన్ ఏలుబడిలో 1910 నుంచి నలిగిన కొరియాకు ఆ లొంగుబాటే విమోచనం కాబట్టి వారికీ ఆగస్టు 15 పండుగ రోజే. భారతదేశం, కొరియా ఒకే రోజు జెండా ఎగురవేయడాన్ని చాలామంది కాకతాళీయం అనుకుంటారు. రెండింటికీ వేరు ఒక్కటే, అది టోక్యోలో ఉంది. అరవింద ఘోష్ 1872లో ఆగస్టు 15నే జన్మించడం మాత్రం ఎవరూ ఏర్పాటు చేసినది కాదు. గాంధీజీ కార్యదర్శి మహదేవ్ దేశాయి 1942 ఆగస్టు 15న పుణెలో ఆగా ఖాన్ భవంతి నిర్బంధంలో కన్నుమూయడమూ అంతే.

ఒకే చట్టం వల్ల అనేక పుట్టినరోజులు ఒకచోట పడడం కూడా ఉంది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం 1956 నవంబర్ 1ని అమలు తేదీగా పెట్టడం వల్ల ఆంధ్రప్రదేశ్‌కూ, కేరళకూ, నేటి కర్ణాటకకూ అవతరణ దినం ఒకటే అయింది. వీటిని మూడు సంఘటనలుగా లెక్కపెట్టడం కన్నా ఒక సంఘటనకు మూడు పేర్లుగా చెప్పడం సబబు.

ఇక ఎవరూ పెట్టని తేదీలు. వీటిలోనే పిల్లలు ఎక్కువగా ఆశ్చర్యపోతారు, పెద్దలు ఎక్కువగా పొరబడతారు. జూలై 4ని తీసుకోండి. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన ఫిలడెల్ఫియా సభలో ఆమోదం పొందిన రోజు అది. ఆ ప్రకటనను రాసిన జెఫర్సన్, దాని కోసం సభలో వాదించిన జాన్ ఆడమ్స్, ఇద్దరూ సరిగ్గా యాభై ఏళ్ళకు, 1826 జూలై 4నే మరణించారు. అల్లూరి సీతారామరాజు 1897లో అదే తేదీన జన్మించారు, స్వామి వివేకానంద 1902లో అదే తేదీన పరమపదించారు, పింగళి వెంకయ్య గారు 1963లో అదే తేదీన కన్నుమూశారు. జాబితాగా చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ అల్లూరి పుట్టుకకూ ఫిలడెల్ఫియా సభకూ సంబంధం లేదు. ఆడమ్స్, జెఫర్సన్‌ల విషయంలో, ఆ స్వర్ణోత్సవ దినం చూసేవరకు ప్రాణం నిలుపుకోవాలన్న పట్టుదల వారిలో ఉండి ఉండవచ్చునని కొందరు ఊహించారు, అది ఊహగానే ఉంది.

పిల్లలకు ఇది లెక్కల పాఠంగా చెబితే బాగా పట్టుబడుతుంది. తరగతిలో ఎంతమంది ఉంటే ఇద్దరి పుట్టినరోజు ఒకటి కావడానికి సగానికి సగం అవకాశం ఉంటుందని అడగండి. ఎక్కువమంది 183 అంటారు, కొందరు 365 అంటారు. సరైన జవాబు 23. మొదటి విద్యార్థి పుట్టినరోజు ఏదైనా కావచ్చు. రెండో విద్యార్థిది దానితో కలవకపోవడానికి 365లో 364 వంతులు, మూడో విద్యార్థిది ఆ రెండింటితోనూ కలవకపోవడానికి 365లో 363 వంతులు, ఇలా ఒక్కొక్కటి తగ్గించుకుంటూ ఇరవైమూడో విద్యార్థి దాకా అన్నిటినీ గుణిస్తే, ఎవ్వరిదీ కలవని అవకాశం సగం కంటే కొంచెం తక్కువకు దిగుతుంది. 23 మందిలో జతలు 253 ఉండడమే ఇందుకు కారణం. నలభై మంది ఉన్న తరగతిలో అయితే ఏ ఇద్దరిదైనా కలిసే అవకాశం నూటికి 89 పాళ్ళు. మీ లెక్కల మాస్టారి సాయంతో ఒక పీరియడ్ చేయించి చూడండి. ప్రపంచ చరిత్రలో నమోదైన వేల వేల సంఘటనలను 366 గదుల్లో సర్దినప్పుడు ప్రతి గదిలోనూ వింతైన జంటలు దొరకకుండా ఎలా ఉంటాయి?

ఈ లెక్క చేయించేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. బడి దాఖలాలో ఉన్న పుట్టినతేదీలను తీసుకోకండి, పిల్లలను ఇంట్లో అడిగి రమ్మనండి. ఇప్పుడు జనన ధ్రువీకరణ పత్రాలు వచ్చాయి గాని, వెనకటి అడ్మిషన్ రిజిస్టర్లు తిరగేస్తే జూన్, జూలై తేదీలు గుంపులు గుంపులుగా కనబడతాయి. పిల్లవాణ్ణి చేర్చడానికి వచ్చిన తండ్రికి “గాలివాన వచ్చిన యేడు, వేరుశనగ పీకే రోజుల్లో పుట్టాడయ్యా” అన్నంతవరకే తెలిసేది. బడిలో చేరే నాటికి అయిదేళ్ళు నిండినట్టు చూపాలి గనుక హెడ్మాస్టరు అక్కడికక్కడే ఒక తేదీ వేసేవారు. పల్లెల్లో ఒక తరం పెద్దలందరికీ జూన్ 1 అనో జూలై 1 అనో ఒకే జన్మదినం ఉండడం అందువల్లనే. అదీ ఒకరు పెట్టిన తేదీయే. బడి అవసరం పెట్టిన తేదీ.

కావాలని పెట్టారేమో అనిపించి, అలా పెట్టనివి కూడా కొన్ని ఉన్నాయి. యూరీ గగారిన్ అంతరిక్షంలోకి వెళ్ళింది 1961 ఏప్రిల్ 12న. అమెరికా స్పేస్ షటిల్ కొలంబియా మొదటిసారి ఎగిరింది సరిగ్గా ఇరవై ఏళ్ళకు, 1981 ఏప్రిల్ 12న. చూసినవారెవరైనా అమెరికావారు పోటీగా ఆ తేదీ ఎంచుకున్నారనే అనుకుంటారు. నిజానికి ప్రయోగం ఏప్రిల్ 10న జరగవలసింది. కంప్యూటర్ల మధ్య సమయం పొసగక ఆ రోజు ఆపేశారు, సరిచేసి ఎగిరేసరికి 12 అయింది. మనిషి పెట్టిన తేదీ అని రాసే ముందు ఆ మనిషి అలా పెట్టినట్టు దాఖలా ఉందో లేదో చూడాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ప్రకృతి వైపరీత్యాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2004 డిసెంబర్ 26 ఉదయం 6.29కు సుమత్రా దగ్గర సముద్రగర్భంలో వచ్చిన భూకంపం లేపిన అలలు రెండు మూడు గంటల్లోనే మన తీరానికి వచ్చాయి. కొత్తపట్నం నుంచి మైపాడు దాకా పట్టపుపాలేల్లో ఆ ఆదివారం ఉదయాన్ని మరిచిపోయినవారు ఎవరూ ఉండరు. సరిగ్గా ఏడాది ముందు, 2003 డిసెంబర్ 26 తెల్లవారుజామున, ఇరాన్‌లోని బామ్ పట్టణం భూకంపంలో నేలమట్టమై పాతిక వేలకు పైగా జనం మరణించారు. ఈ రెండింటినీ కలిపి చూపి, డిసెంబర్ 26 మంచి రోజు కాదని ప్రతి ఏడాదీ ఫోనుల్లో తిప్పుతూ ఉంటారు. భూమి లోపలి ఫలకాలకు మన కేలండరు తెలియదు. ఆ తీరపు పిల్లలు మీ తరగతిలో ఉంటే, ఆ తేదీ వచ్చినప్పుడు బోర్డు మీద కాకతాళీయాల గురించి ఏమీ రాయించకండి. అల వచ్చే ముందు సముద్రం వెనక్కి తగ్గవచ్చునని, అప్పుడు చేపలు ఏరడానికి పోకుండా మెరకకు పరుగెత్తాలని, తగ్గకుండానే అల వచ్చి పడడం కూడా ఉందని, నేల అదిరినా హెచ్చరిక విన్నా తీరం వదలాలని రాయించండి.

ఇంతవరకు తేదీలు సరైనవే అనుకుని మాట్లాడాను. అసలు ఆ తేదీ నమ్మదగినదేనా అన్నది వేరే సంగతి, ఇందులో మన జిల్లాల చరిత్రకే ఒక ముఖ్యమైన ఉదాహరణ ఉంది. పొట్టి శ్రీరాములు గారు, నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలోకి హరిజనుల ప్రవేశం కోసం 1946లో నిరాహారదీక్ష చేసిన ఆ మహనీయుడు, ప్రత్యేకాంధ్ర కోసం మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట 1952 అక్టోబర్ 19న దీక్షకు కూర్చుని డిసెంబర్ 15 రాత్రి పొద్దుపోయాక ప్రాణం విడిచారు. కొన్ని పుస్తకాల్లో వర్ధంతి డిసెంబర్ 15 అనీ, కొన్నిటిలో 16 అనీ కనిపించడానికి ఆ అర్ధరాత్రి వేళే కారణం. ఆయన దీక్ష 58 రోజులని అందరూ చెప్పే మాట. అక్టోబర్ 19ని మొదటి రోజుగా లెక్కించండి: అక్టోబరులో 13, నవంబరులో 30, డిసెంబరులో 15, మొత్తం 58. పదిహేనే సరిపోతోంది. పిల్లల చేత ఈ కూడిక బోర్డు మీదే చేయిస్తే ఒక తేదీని ఎలా సరిచూడాలో వారికి ఎప్పటికీ గుర్తుంటుంది. సర్దార్ పటేల్ 1950లో మరణించినదీ డిసెంబర్ 15నే. ఆ రెండింటి మధ్య గీత గీయనక్కరలేదు. కానీ డిసెంబర్ 15 నుంచి అదే నెల 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్ర ప్రకటన చేసిన రోజుకు, అక్కడి నుంచి 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం ఏర్పడి ప్రకాశం గారు తొలి ముఖ్యమంత్రి అయిన రోజుకు గీతలు గీయాలి. ఒకే తేదీన పడకపోయినా నిజమైన సంబంధం ఉన్నవి అవి.

మాస్కో ఒప్పందానికీ ఇదే చిక్కు ఉంది. సంతకాలు జరిగేసరికి అర్ధరాత్రి దాటి 24 వచ్చేసింది, పత్రం మీద తేదీ మాత్రం 23 అనే ఉంది. దేశాల వేళల తేడా మరొకటి. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద కాలు పెట్టినప్పుడు అమెరికాలో 1969 జూలై 20 రాత్రి, మన దేశంలో 21 ఉదయం ఎనిమిదిన్నర కావస్తోంది. మన విక్రమ్ దిగిన క్షణాన న్యూజీలాండ్‌లో అర్ధరాత్రి దాటి ఆగస్టు 24 వచ్చేసింది. ఏ దేశపు వేళను బట్టి రాస్తున్నామో చెప్పకుండా రెండు తేదీలను కలిపితే తప్పు జరుగుతుంది.

కేలండర్ల తేడా ఇంకా పెద్దది. పోపు గ్రెగరీ 1582లో కేలండరు సవరించి అక్టోబర్ 4 మరునాడు 15 అని ప్రకటించినప్పుడు కొన్ని దేశాలే దాన్ని పాటించాయి. ఇంగ్లండు 1752 దాకా, రష్యా 1918 దాకా పాత లెక్కలోనే ఉన్నాయి. షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఇద్దరికీ 1616 ఏప్రిల్ 23నే వర్ధంతి అని చెబుతారు గాని, ఇంగ్లండు పాత లెక్కలోనూ స్పెయిన్ కొత్త లెక్కలోనూ ఉన్నందువల్ల వాటి మధ్య పది రోజుల ఎడం ఉంది. మన ప్రాంతంలో కమ్యూనిస్టు కుటుంబాల పిల్లలకు తెలిసిన ఉదాహరణ అక్టోబరు విప్లవం: పెట్రోగ్రాడ్‌లో పాత లెక్కన అక్టోబర్ 25న జరిగినదాన్ని నవంబర్ 7న జరుపుకుంటారు. సి.వి.రామన్, మేరీ క్యూరీ పుట్టినదీ నవంబర్ 7నే. ఇద్దరూ భౌతికశాస్త్రంలో నోబెల్ పొందినవారే. విజ్ఞానశాస్త్రం ఉపాధ్యాయులకు అది మంచి రోజు, విప్లవంతో దానికి పని లేదు.

ఇక మీ బోర్డు సంగతి. ఆగస్టు 23న నాలుగైదు సంఘటనలు ఒక్కో వాక్యంగా రాయించే కన్నా రెండింటిని నిండుగా రాయించడం మంచిదని నా అభిప్రాయం. మొదటిది ప్రకాశం గారిదే కావాలి, ఎందుకంటే అది మన జిల్లా పేరు. 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడిన దీనికి 1972లో ఆయన పేరు పెట్టారు. పుట్టిన సంవత్సరం 1872, ఊరు ఒంగోలు దగ్గరి వినోదరాయునిపాలెం అని రాయించండి. పదకొండో ఏట తండ్రి పోతే తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి చదివించిందని, 1928లో సైమన్ కమిషన్‌ను నిరసించిన రోజున మద్రాసులో తుపాకులకు ఎదురుగా రొమ్ము చూపారని రాయించండి. ఆంధ్రకేసరి అన్న బిరుదు మాత్రమే రాస్తే పిల్లలకు మనిషి కనిపించడు. అన్నం పెట్టి కొడుకును చదివించిన ఆ తల్లి గురించి రాస్తే కనిపిస్తాడు. రెండోదిగా చంద్రయాన్ రాయించి, ‘ఈ తేదీని ఎవరు నిర్ణయించారు?’ అని కింద ప్రశ్న వేయించి, జవాబు రాయకుండా వదిలేయండి. అడిగిన అమ్మాయి చేతనే ప్రార్థనలో జవాబు చెప్పించండి. బాల్టిక్ హారం తొమ్మిది, పది తరగతులకు ప్రపంచ యుద్ధాల పాఠం వచ్చినప్పుడు తరగతిలోనే చెప్పుకోవచ్చు, అక్కడ దానికి తగినంత సమయం దొరుకుతుంది.

పిల్లలు ఫోనులో చూసి తెచ్చిన ప్రతి తేదీని మరొక చోట సరిచూసి గాని రాయనివ్వకండి. పాఠ్యపుస్తకం, బడి గ్రంథాలయంలోని విజ్ఞాన సర్వస్వం, మరుసటి రోజు దినపత్రిక, ఏదో ఒకటి ఉండాలి. జననాలకు, మరణాలకు ఊరి పేరు తప్పక రాయించండి; ఊరు రాయబోతే సగం తప్పులు వాటంతట అవే బయటపడతాయి. ఆగస్టు 23 ఆదివారం పడిన సంవత్సరం శనివారమే రాయించి, పైన ‘చరిత్రలో రేపు’ అని మార్చండి, సోమవారం వరకు చెరపనివ్వకండి.